మా శ్లాబు సంపాదన

పగలంతా ఎండలో మాడి, సంపాదించినదంతా దాచుకోకుండా రాత్రికి ఇంటికి తెచ్చిచ్చే ప్రాణి ఈ కలికాలంలో ఒకటే మిగిలింది. అది మా ఇంటి శ్లాబు. దాని సేవలను ఎవరూ గుర్తించడం లేదన్న ఆవేదనతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మేం ఉండేది రెండో అంతస్తు, అంటే మా నెత్తిన ఇక సూర్యుడే. అద్దెకు దిగిన రోజున ఓనరు గారు "పై వాటా బాబూ, గాలి బ్రహ్మాండంగా వస్తుంది" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. గాలి వస్తుంది. ఎంత కాగి వస్తుందన్నది మేం అడగలేదు, అంతే.

శ్లాబు మందం ఐదంగుళాలు. పైన తగిలిన ఎండ ఆ ఐదంగుళాలూ దిగి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. మిట్టమధ్యాహ్నం మేమంతా ఆఫీసు ఏసీలో కూర్చున్నప్పుడు అది తొందరపడదు. మేం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని నడుం వాల్చే వేళకు సరిగ్గా అందిస్తుంది. అత్తారింటికి వచ్చిన అల్లుణ్ణి కూడా ఇంత వేళ చూసి మర్యాద చెయ్యరు. ఫ్యాను వేస్తే ఆ వేడిని నాలుగు మూలలకూ సమానంగా పంచుతుంది. మా ఇంట్లో అమలవుతున్న సామ్యవాదం అదొక్కటే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మిక్సీలొచ్చాక రోళ్ళు ఎలాగూ లేవు కాబట్టి, పగిలే బాధ్యతను కూడా శ్లాబే తీసుకుంది. ఆ పగుళ్ళ ఫలితం వానాకాలంలో అందుతుంది. దాని గురించి వేరే వ్యాసం రాస్తాను.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళ కోసం ఒక్క మాట. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఆ లెక్కన 90 కిలోవాట్లు కురుస్తాయి. అందులో సగం కంటే ఎక్కువే మాసిపోయిన సిమెంటు తాగేస్తుంది. తాగినదంతా లోపలికి రాదు, నిజమే. కొంత గాలికి పోతుంది. మిగిలినదాని మీదికి మేం పంపే సైన్యం ఏమిటయ్యా అంటే, ఐదు కిలోవాట్ల వేడిని బయటికి తోసే ఒకటిన్నర టన్నుల ఏసీ. అదీ పడగ్గదిలోనే.

మా తాతగారి తరానికి ఈ భాగ్యం లేదు పాపం. వాళ్ళది గూన పెంకుల ఇల్లు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పారిపోయేది. పొద్దుగూకిన కాసేపటికే పెంకు చల్లారిపోయేది, బొత్తిగా పొదుపు తెలియని జాతి. పెంకులకూ మనుషులకూ మధ్య చెక్కల అటక. దాని మీద పెళ్ళిళ్ళ గంగాళాలూ, ఇత్తడి గుండిగలూ, ఏనాటివో పంచాంగాలూ ఉండేవి. వచ్చిన వేడి వాటి దగ్గరే ఆగిపోయేది. గంగాళాలు ఉడికేవి, కింద తాతగారు గుర్రుపెట్టేవారు. వేడిని అక్షరాలా అటకెక్కించిన తరం అది. రాయలసీమలో అయితే మిద్దె మీద మందంగా చౌడు మట్టి పరిచేవారు. ఆ మట్టిలో ఎండ దారి వెతుక్కునేలోపే పొద్దు వాలిపోయేది. ఇంత వెనకబాటుతనాన్ని భరించలేకే కదా, అప్పుచేసి మరీ డాబాలు వేసుకున్నాం!

మా ఇంట్లోనూ అటక ఉంది. వంటింటి గోడకు వేలాడే సిమెంటు పలక. దాని మీద పాత కుక్కరూ, టీవీ వచ్చిన అట్టపెట్టే ఉన్నాయి. వేడిని ఆపే సరుకు మా ఇల్లంతటికీ ఒక్కటే, ఆ పెట్టెలోని థర్మోకోలు. ఇల్లు మారేటప్పుడు టీవీకి దెబ్బ తగలకూడదని భద్రంగా దాచాం.

అమెరికాలో వేడి ఉండదనుకునేవారు మా డల్లాసు బావను అడగండి. వాళ్ళ ఇళ్ళకు వాలు కప్పూ, దాని మీద ముదురు రంగు తారు పలకలూ, కింద పెద్ద అటకా ఉంటాయి. వేసవిలో ఆ అటక కొలిమే. చల్లగాలి మోసుకెళ్ళే ఏసీ గొట్టాలను సరిగ్గా ఆ కొలిమిలోంచే తీసుకెళ్ళారట. ఆ మాట విన్నాక మా ఓనరు గారి మీద నాకు గౌరవం పెరిగింది.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానమని ఒకటి తెచ్చింది. ఐదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను చల్లబరచాలని లక్ష్యం. కట్టే ఇల్లు 600 గజాలూ ఆపైన అయితే తప్పనిసరి, తక్కువైతే మీ ఇష్టం. మా ఓనరు గారిది 200 గజాలు. ఆ ఇష్టాన్ని ఆయన పూర్తిగా వినియోగించుకుంటున్నారు.

అయినా ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "అంకుల్, డాబా మీద తెల్లగా సున్నం కొట్టిస్తే ఎండలో ముప్పాతిక భాగం అట్నుంచటే వెనక్కి పోతుందట. మహా అయితే రెండు బస్తాలు..."

"వానొస్తే పోతుంది కదయ్యా" అన్నారు.

"కాస్త జిగురు కలిపితే ఆగుతుందండీ. పోయినా మళ్ళీ ఏడాది కొట్టించుకోవచ్చు."

"తెల్లగా ఉంటే మీ ఆంటీకి కళ్ళు చెదురుతాయి. వడియాలు ఎక్కడ పెట్టుకుంటుంది?"

వడియాల మాట వచ్చాక నేను నోరు మూసుకున్నాను. మా డాబా మీద పొద్దున పెట్టిన వడియం సాయంత్రానికి గలగలలాడుతుంది. ఆ కిందే మేమూ ఎండుతున్నామన్నది వేరే విషయం.

మొన్న ఉగాదికి ఆయన ప్రహరీకి సున్నం కొట్టించారు. అర బకెట్టు మిగిలింది. పారబొయ్యడం ఇష్టంలేక డాబా మీద ఓ మూలకు పూయించారు. ఆ మూల కింద ఉన్నది మా స్నానాలగది. ఇప్పుడు ఇంట్లో అదొక్కటే చల్లగా ఉంది. మా వాడు పుస్తకాలు పట్టుకెళ్ళి అందులోనే చదువుకుంటున్నాడు. స్నానానికి మాత్రం రాత్రి పది దాటితే గానీ వెళ్ళలేం. డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్ళు అప్పటికి గానీ చల్లారవు.