పది, మైనస్ ఇరవై, మైనస్ యాభై

మా విజయనగరం కాలేజీ ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్, అంటే సిగ్నల్లో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత పవర్ ఉందో తెర మీద చూపించే మిషను, ఒక్కటే ఉంది, దానికో ప్లాస్టిక్ కవరు, కవరు మీద టవలు, బీరువా తాళం నా జేబులో, అంచేత దాని గురించి ఈ బిల్డింగులో నాకు తెలిసినంత ఎవడికీ తెలీదని మొన్న శుక్రవారం దాకా గట్టి నమ్మకం.

ఎక్స్‌పెరిమెంట్ చూస్తే చిన్నదే. జెనరేటర్‌లో 1 గిగాహెర్ట్జ్, అదీ ఆగాగి పల్సులుగా, పల్స్ వెడల్పు 1 మైక్రోసెకను, మిల్లీసెకనుకొకటి చొప్పున, పీక్ 10 డీబీఎం (పవర్ కొలత ఇది, 10 డీబీ తగ్గిందంటే పవర్ పదో వంతైపోయినట్టు). కేబుల్ పెట్టి చూసేసరికి ఎనలైజర్ తెర మీద దువ్వెన పళ్ళల్లాగ గీతలు, మధ్య గీత మైనస్ 50. పది ఎక్కడ, మైనస్ యాభై ఎక్కడ! కేబులే పోయిందనుకుని కనెక్టర్‌ని స్పిరిట్‌తో తుడిచీసి, లోపలి పిన్ను వంగిందేమోనని ఫోన్ లైటేసి ఒక కన్ను మూసి చూసి, పాత కేబుల్ తీసి కొత్తది బిగించీసినా మళ్ళీ అదే మైనస్ 50. ఇక పవర్ మీటర్ తెచ్చేను, వేడిని బట్టి కొలిచే సెన్సారు కాబట్టి అబద్ధం చెప్పదని. అది మైనస్ 20 అంది.

ముగ్గురు సాక్షులు, మూడు మాటలు. కేబుల్ అమ్మినోడికి ఫోన్ చేసి నాలుగు తిట్టీసేను కూడా.

గజపతినగరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి వెనకాల నించుని, "సార్, ముగ్గురికీ మధ్యన తేడా సరిగ్గా 30, 30 ఉంది సార్" అంది. నువ్వు రికార్డు రాసుకో అమ్మా అన్నాను. ఇంతలో అటెండరు వచ్చి, "బాబూ, తాళం ఎయ్యాల, ఇంకా ఏటి సూస్తన్నారు" అన్నాడు. ఏటి చూస్తున్నానో నాకు తెలిస్తే కదా.

ఆ 30 మాత్రం రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. మన ఊరి సిరిమాను పండగ ఉందా, పూజారి కూచునే ఆ పొడుగాటి మాను పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా 3 సార్లు తిరుగుతాది, ఆ రోజు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర కాలు పెట్టడానికి సందుండదు, ఆ జనాన్ని తీసికెళ్ళి 365 రోజులకీ సమానంగా పంచీసి సగటు చెప్పమంటే పండగ జరిగినట్టే ఉండదు కదా. పవర్ మీటర్ చేసిందదే. పల్స్ ఉండేది వెయ్యిలో ఒక వంతు కాలం, వెయ్యో వంతంటే 30 డీబీ, పదిలోంచి తీసీస్తే మైనస్ 20. మీటర్ పాపం నిజమే చెప్పింది.

ఎనలైజర్ ఇంకా నిజాయితీపరురాలు. రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ (ఎనలైజర్ ఒకేసారి చూసే ఫ్రీక్వెన్సీ సందు వెడల్పు) 100 హెర్ట్జ్ పెట్టింది ఎవడు, నేనే, సన్నగా పెడితే నాయిస్ తగ్గుతాదని. పల్సేమో ఉన్న పవర్‌ని కిలోహెర్ట్జ్‌కొకటి చొప్పున మధ్యన ఎత్తుగా ఉండే మెయిన్ లోబ్‌లోనే సుమారు 2000 గీతలకి పంచీస్తాది. అంత సన్న సందులోంచి చూస్తే కనబడేది ఒక్క గీత వాటా, మధ్య గీతకైనా ఆ సగటులో మళ్ళీ వెయ్యో వంతే, ఇంకో 30 డీబీ గోవిందా.

పొద్దున్నే ఎవరూ రాకముందు ల్యాబ్‌కెళ్ళి బ్యాండ్‌విడ్త్ 3 మెగాహెర్ట్జ్‌కి మెయిన్ లోబ్ గీతలన్నీ ఒకేసారి పట్టేలా పెంచి, స్పాన్ సున్నా చేసి, అంటే ఫ్రీక్వెన్సీ బదులు కాలం వెంట చూపించేలా పెట్టి, పీక్ డిటెక్టర్, వీడియో ట్రిగ్గర్, స్వీప్ 10 మైక్రోసెకన్లు పెట్టేను. తెర మీద పల్సు, మిద్దె ఇల్లులా చదునైన కప్పుతో నిలబడింది. దాని ఎత్తు తొమ్మిదిన్నర డీబీఎం చిల్లర. ఆ అర డీబీ కేబుల్ తినీసింది, దాన్ని తిట్టడానికి ఇప్పుడు నాకు నోరు లేదు.

సంతోషంతో కవరు కప్పబోతే బల్ల మీద నిన్నటి బ్యాచ్ రికార్డులు కనబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది. నేను చెప్పిన సెట్టింగులే పెట్టి, ఉన్నదున్నట్టు మైనస్ 50 రాసిన పద్దెనిమిది మందికీ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టీసేను. ఎనలైజర్ వైపు చూడనైనా చూడకుండా జెనరేటర్ మీదున్న 10ని కాపీ కొట్టీసినోడికి పదికి పది, పక్కన "గుడ్" అని కూడా రాసేను.

వైట్‌నర్ పట్టుకుని కూచుంటే వాడే వచ్చేడు. సంగతి విని, రికార్డు మెల్లగా చంకలో పెట్టుకుని, "సార్, అందరివీ దిద్దీండి, నాది మాత్రం కరెక్టే కదా సార్" అన్నాడు.