మహారాజశ్రీ అసలైన ప్రజలు గారికి

మహారాజశ్రీ అసలైన ప్రజలు గారికి శ్రీకాకుళం నుంచి ఒక మామూలు ఓటరు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరెక్కడున్నారో తెలియదు గానీ మీ పేరు దేశదేశాల్లో మోగిపోతోంది. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోవాలని బ్రిటన్ ఓటేసినప్పుడు, బయటికి పోదామని ప్రచారం చేసిన నైజెల్ ఫరాజ్ గారు తెల్లవారుజామునే మైకు ముందుకొచ్చి ఇది అసలైన ప్రజల విజయం అన్నారు. అభినందనలు. మరి ఉండిపోదామని ఓటేసిన 1.61 కోట్ల మంది ఎవరండీ? డూప్లికేట్లా?

టర్కీ నేత ఎర్దోగాన్ గారు తనని విమర్శించేవాళ్లని ‘మేమే ప్రజలం, మీరెవరు?’ అని అడిగారట. అది చదివాక ఎందుకైనా మంచిదని బీరువాలోంచి నా ఆధార్ కార్డు తీసి చూసుకున్నాను. పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి. అసలో కాదో రాయలేదు.

మీకోసం వెతికినవాళ్లలో నేను మొదటివాణ్ణేం కాదు. 1874లో రష్యాలో చదువుకున్న కుర్రకారు రైతుల బట్టలు కట్టుకుని మరీ మిమ్మల్ని వెతుక్కుంటూ పల్లెలకి పోయారు. పల్లెల్లో వాళ్లని అనుమానంగా చూశారు, కొన్నిచోట్ల పోలీసులకి అప్పగించారు కూడా. అప్పగించింది మీరేనా?

అమెరికాలో మాత్రం మీ జాడ కొంచెం దొరికింది. 1892లో ఒమాహాలో సభ పెట్టిన పీపుల్స్ పార్టీ వెనక రైలు కంపెనీల కిరాయిలకీ బ్యాంకుల వడ్డీలకీ నలిగిపోయిన పత్తి రైతులు, గోధుమ రైతులు ఉన్నారు. ఆదాయాన్ని బట్టి పన్ను వేయాలన్నారు, సెనేటర్లని జనమే నేరుగా ఎన్నుకోవాలన్నారు. పార్టీ కొన్నేళ్లకే చితికిపోయింది గానీ, ఆదాయపు పన్నుకీ సెనేటర్ల ఎన్నికకీ 1913లో రాజ్యాంగ సవరణలొచ్చాయి. పాపులిస్టులని, అంటే ప్రజల పక్షం వాళ్లని, మొదట పిలిపించుకున్నది వాళ్లే. ఇప్పుడు ఆ మాట జనానికి తాయిలాలు పంచే నాయకుల్ని తిట్టే తిట్టయిపోవడం వాళ్లకి అన్యాయమే అంటాను. మా ఇంట్లోనూ రెండు రూపాయల కిలో బియ్యం వండుకు తిన్నాం, కాబట్టి పేదవాడికి పెట్టారని ఎవర్నీ ఆడిపోసుకోను. నా గొడవ బియ్యం గురించి కాదండీ, మీ గురించే.

పండితుల్నీ ఆశ్రయించాను. 1967లో లండన్‌లో వాళ్లంతా కూర్చుని పాపులిజమంటే ఏమిటో తేల్చేద్దామనుకున్నారు. తేలలేదు. పాపులిజం అనే చెప్పు చేతపట్టుకుని, దానికి సరిగ్గా సరిపోయే పాదం ఎక్కడో ఉండే ఉంటుందని తిరగొద్దని తత్వవేత్త ఇజయా బెర్లిన్ గారు హెచ్చరించారు, ఆ జబ్బుకి చెప్పు జారవిడిచిన కథలోని సిండ్రెల్లా పేరు పెట్టి. 2016లో యాన్-వెర్నర్ ముల్లర్ అనే జర్మన్ ఆయన ఒక పుస్తకం రాసి కాస్త దారి చూపించారు. పైవాళ్లని తిట్టినంత మాత్రాన పాపులిస్టు అయిపోరట. ప్రజల తరఫున మాట్లాడే హక్కు నా ఒక్కడికే ఉంది అనాలట. హమ్మయ్య అనుకున్నాను. పైవాళ్లని తిట్టడమే గుర్తయితే మా ఏడు రోడ్ల జంక్షన్లో టీ తాగే వాళ్లందరినీ ఆ పుస్తకంలోకి ఎక్కించాల్సి వచ్చేది.

సరే, మా జిల్లాలోనే చూద్దామని బయల్దేరాను. వంశధార దిగువన ఆయకట్టు రైతు నీళ్లు ఇంకా చివరి భూములకి రాలేదంటాడు. ఆ నీళ్లు నిలబెట్టడానికి హిరమండలం రిజర్వాయరు కింద ఊరు పోగొట్టుకున్నవాడు, ముందు నా పరిహారం లెక్క తేల్చండి అంటాడు. నేరడి దగ్గర బ్యారేజీ కడదామంటే అవతలి గట్టు మీద ఒడిశా రైతు గుండెలు బాదుకుంటాడు. ముగ్గురూ మట్టి పిసుక్కునేవాళ్లే. ముగ్గురిలో ఎవరికీ మేడలూ మిద్దెలూ లేవు. ఉద్దానం వెళ్తే జీడిపిక్కలకి ధర పెరగాలని రైతు, పెరిగితే షట్టరు దించేస్తానని పలాస ఫ్యాక్టరీ ఆసామి, వీళ్లిద్దరి గొడవ నాకెందుకు నా కూలి పెంచమని పప్పు ఒలిచే ఆవిడ. మత్స్యకారుణ్ణి అడుగుదామంటే అతను ఊళ్లోనే లేడు, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉన్నాడు. ఏటండీ ఇది? వీళ్లందర్నీ ఒక్క గొంతులో పెట్టి మాట్లాడేస్తున్న ఆ నాయకుడెవరో గానీ, ఆయనకి మా పంచాయతీలో ఒక్క వీధి కుళాయి తగువు అప్పజెప్పి చూడాలని ఉంది.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మీరోసారి స్వయంగా రండి. సభ జరుగుతుండగా స్టేజీ ఎక్కి, ఈయన చెబుతున్నవాటిలో నేను ఏవి అన్నానో, ఏవి అనలేదో చదివి వినిపించండి. ఇంత మంది మీ పేరు మీద సంతకాలు పెట్టేస్తుంటే ఒక్క ఫిర్యాదైనా ఇవ్వరా? ఫోర్జరీ కేసు పెట్టడానికి మా ఊళ్లో మంచి ప్లీడర్లున్నారు, ఫీజు మేమే చందాలేసుకుంటాం.

రైల్లో వచ్చేట్టయితే ఒక్క సంగతి. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అనే ఉంటుంది గానీ, దిగాక చూస్తే అది ఆమదాలవలస. కంగారు పడకండి. పేరు ఒకరిది, ఉండేది ఇంకొకరు, మీకు తెలియని వ్యవహారమా! బయట ఆటోలుంటాయి, బేరమాడి ఎక్కండి.

ఇట్లు,
అసలో నకలో ఇంకా తేలని ఒక ఓటరు,
శ్రీకాకుళం