జాతి తేలలేదని రాయడం తప్పెలా అవుతుంది?

నల్లగొండలో జరిగిన వైజ్ఞానిక ప్రదర్శన నుంచి ఈ సాయంత్రమే బస్సులో దేవరకొండకు తిరిగి వచ్చాను. చుట్టిన చార్టు ఇంకా బల్ల మీదే ఉంది, కోపమూ ఇంకా తగ్గలేదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు నెలలు పత్తిచేల గట్ల వెంట తిరిగి తయారు చేసిన చార్టు అది. అందులో ఒక ఈగ ఫొటో కింద "ఎక్సోప్రోసోపా ప్రజాతి, జాతి తేలలేదు" అని రాసినందుకు న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి మార్కులు తగ్గించారు. (జాతి అంటే ఒక్కో జీవి రకం, ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు.) అంతటితో ఆగకుండా, తన ఫోన్‌ను ఆ ఫొటో ముందు పెట్టి, తెర మీద వచ్చిన "బాంబీలియస్ మేజర్" అన్న పేరును ఎర్ర పెన్నుతో చార్టు మీదే రాసి, "పేరు తెల్వకుండ ఎందుకు తెచ్చినవమ్మా?" అని నలుగురిలో అడిగారు.

బీ ఫ్లై అనే ఈ ఈగను చూసి తేనెటీగ అని పొరబడని వాళ్ళు అరుదు. ఒంటి నిండా నూగు, పూల మీద వాలే తీరు, అన్నీ తేనెటీగవే. కానీ దీనికి కుట్టే ముల్లు లేదు. తేనెటీగకు నాలుగు రెక్కలుంటే దీనికి రెండే; వెనుక రెక్కల స్థానంలో గుండుసూది తలల్లాంటి రెండు చిన్న బొడిపెలు మాత్రమే ఉంటాయి. ఈ సంగతి ఆ పిల్లకు నేను చెప్పలేదు. గడ్డిచామంతి పువ్వు మీద రెక్కలు చాచి వాలిన ఈగ ముందు మోకాళ్ళ మీద కూర్చొని, "సార్, దీనికి రెండే రెక్కలున్నయ్, ఇది తేనెటీగ ఎట్లయితది?" అని తనే నన్ను అడిగింది.

ఇలాంటి ప్రజాతులన్నీ కలిసిన బీ ఫ్లైల కుటుంబంలో ఇప్పటికే పేరు పెట్టిన జాతులు ప్రపంచం మొత్తం మీద 4,500 పైచిలుకు ఉన్నాయి. ఒకదాన్నొకటి పోలిన ఇన్నింటిలో రంగు చూసి పేరు చెప్పేయడం కుదరదు కాబట్టి రెక్కలోని ఈనెలు చూడాలి. రెక్క కొస వైపు, ముందు అంచుకు కాస్త దిగువన ఈనెల మధ్య ఏర్పడే గళ్ళు విల్లా ప్రజాతిలో రెండు, ఎక్సోప్రోసోపాలో మూడు, లిగైరాలో నాలుగు ఉంటాయి. ఆ పిల్ల ఫొటోను పెద్దది చేసి, రెక్కను పెన్సిల్‌తో గీసి, ఒక్కో గడిలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసింది. ఆ బొమ్మ చార్టు మీదే, ఫొటో పక్కనే ఉంది. దాని వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన రాసిన బాంబీలియస్ మేజర్ బంతిలా గుండ్రంగా, ఒత్తైన నూగుతో, సూదిలా ముందుకు పొడుచుకు వచ్చిన పొడవైన తుండంతో ఉంటుంది. దాని రెక్క ముందు సగం ముదురు గోధుమ రంగులో, వెనుక సగం అద్దంలా ఉంటుంది. మా ఫొటోలోని ఈగకు పొట్ట వెడల్పుగా, చదునుగా ఉంది, తుండం పొట్టిగా ఉంది, రెక్క నల్లదనం మధ్యలో కిటికీల్లాంటి తెల్లని మచ్చలున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెడితే పసిపిల్లలకైనా తేడా తెలుస్తుంది. ఇంగ్లండులో బాంబీలియస్ మేజర్‌ను దాని దగ్గరి చుట్టం బాంబీలియస్ డిస్కలర్ నుంచి వేరు చేయాలన్నా రెక్క మీద చుక్కలున్నాయా లేదా అని చూస్తారు, ఎగిరేటప్పుడు ఆ చుక్కలు కనబడవు కాబట్టి ఈగ వాలేదాకా ఓపిక పడతారు. ఎక్సోప్రోసోపాలో జాతి తేల్చడం ఇంకా కష్టం. ముఖం మీది, పొట్ట మీది పొలుసుల రంగు చూడాలి, వయసు మీరిన ఈగకు అవి రాలిపోతాయి. చాలాసార్లు మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే తప్ప తేలదు. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోతో ప్రజాతి దగ్గర ఆగడమే సరైన పని, ఆ పిల్ల ఆ పనే చేసింది.

పేరులో ఏముందని కొందరు అడుగుతారు. ఈ కుటుంబంలో కొన్నింటి పిల్లపురుగులు నేలలో గూడు పెట్టుకునే ఒంటరి తేనెటీగల పిల్లలను తింటాయి, అనస్టోకస్ వంటి వాటి పిల్లపురుగులు మిడతల గుడ్లను తింటాయి. ఒకటి మన పూలకు పుప్పొడి మోసే జీవికి శత్రువు, ఇంకొకటి మన చేలకు మేలు చేసేది. తప్పు పేరు రాస్తే ఒకదాని గుణం ఇంకొకదానికి అంటగట్టినట్టే.

నేను డిగ్రీ చదివేటప్పుడు ప్రయోగశాలలోని కీటకాల పెట్టెలో, తేనెటీగల వరుసలో ఒక బీ ఫ్లై సూదికి గుచ్చి ఉండేది. రెక్కలు లెక్కపెట్టి, ఇది తేనెటీగ కాదు సార్ అన్నాను. "పెట్టెల ఎట్లుంటె అట్లనే రాయి" అన్నారు. రికార్డులో తేనెటీగ అనే రాశాను, నిండు మార్కులు వచ్చాయి. ఆ మార్కులు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఇన్నేళ్ళ తరువాత నా విద్యార్థిని చూసిందే రాసి మార్కులు పోగొట్టుకుంటే, ఆమె పక్కన నిలబడి నేను గట్టిగా నాలుగు మాటలు అనలేకపోయాను.

బస్సులో మల్లేపల్లి దాటేదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. తరువాత, "సార్, ఎర్ర పెన్ను రబ్బరుతోని పోతదా?" అని అడిగింది. పోదని చెప్పాను. సోమవారం ఆ పేరు మీద తెల్లకాగితం ముక్క అతికించి, "జాతి తేలలేదు" అని మళ్ళీ తన చేతే రాయించి, చార్టును మా తరగతి గోడకు తగిలిస్తాను.