దర్శనానికి వచ్చారా, స్థిరపడటానికి వచ్చారా?

తిరుపతి వాసిగా ఒక ప్రతిపాదన చేస్తున్నాను. అలిపిరి దగ్గర వాహనాలు తనిఖీ చేసేచోటే ఇంకొక కిటికీ తెరవాలి. కొండకు వచ్చే ప్రతి భక్తుణ్ణీ ఆ కిటికీ ముందు నిలబెట్టి, "దర్శనం అయ్యాక దిగిపోతావని నమ్మకం ఏమిటి?" అని అడగాలి. నమ్మకం కలిగించలేనివాణ్ణి రేణిగుంటలో రైలెక్కించి పంపాలి. కట్టిన రుసుము తిరిగి ఇవ్వకూడదు. అప్పీలు ఉండకూడదు. మళ్ళీ రావాలనుకుంటే మళ్ళీ రుసుము కట్టుకుని రావచ్చు.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన అని చెప్పుకుంటే పాపం తగులుతుంది. అమెరికా వారు 1952లో చేసిన వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. మా దేశం చూసి పోతానని వచ్చే ప్రతి విదేశీయుడూ ఉండిపోవడానికే వస్తున్నాడని ముందుగా అనుకోవాలి, కాదని అధికారికి తృప్తి కలిగేలా నిరూపించుకోవడం వచ్చేవాడి పని అని దాని సారం. కోడిని దొంగిలించాడని పట్టుకొచ్చినవాడి విషయంలో కూడా నేరం రుజువు చేయవలసింది పోలీసులే. మనవణ్ణి చూడబోయే తాతకు ఆ వెసులుబాటు లేదు. నేను తప్పు పట్టడం లేదు. ఇంతటి ముందుచూపు మా ఊరివాళ్ళకు ఎందుకు లేకపోయిందా అన్నదే నా బాధ.

లేకపోవడం వల్ల ఏమి జరిగిందో చూడండి. అలిగి వెళ్ళిన లక్ష్మీదేవిని వెతుక్కుంటూ వైకుంఠం నుంచి ఒకాయన మా కొండకు వచ్చాడు. చేతిలో తిరుగు టికెట్టు లేదు. ఆస్తి కాగితం లేదు. కాస్త చోటు కావాలని అప్పటికే ఇక్కడున్న వరాహస్వామిని అడిగాడు. పాపం వరాహస్వామి 214(బి) చదువుకున్నవాడు కాడు. మొదటి పూజ, మొదటి నైవేద్యం తనకు జరిగితే చాలని చోటిచ్చేశాడు. వచ్చినాయన ఊరుకున్నాడా? నారాయణవరం ఆకాశరాజు కూతురిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. ఆ అప్పుకు వడ్డీ ఈ రోజుకీ కడుతున్నాడు. స్థానికురాలితో పెళ్ళి, తీరని అప్పు, ఏడు కొండల మీద నివాసం! శిక్షణ పొందిన వీసా అధికారి ఎవరైనా ఉండి ఉంటే మొదటి రెండు నిమిషాల్లోనే పసిగట్టేవాడు. అపరాధం మన్నించు స్వామీ, చట్టం ముందు అందరూ సమానమేనట.

ఆ తరవాత హాథీరాంజీ బావాజీ. ఉత్తరాది నుంచి దర్శనానికి వచ్చిన సాధువు. వచ్చినవాడు దర్శనం చేసుకుని వెళ్ళాడా? సాక్షాత్తూ స్వామితో పాచికలాడుతూ కూర్చున్నాడని కథ. ఆయన పేరిట వెలిసిన మఠం మహంతుల చేతికే 1843లో ఆలయ పాలన వెళ్ళింది. 1933 దాకా, తొంభై ఏళ్ళు, వాళ్ళ చేతిలోనే ఉంది. యాత్రికుణ్ణి సరిగ్గా ప్రశ్నించకపోతే గుడి తాళాలే ఇవ్వవలసి వస్తుందనడానికి ఇంతకంటే రుజువు ఏమి కావాలి?

మా తాత సంగతి కూడా దాచను. పుత్తూరు నుంచి బ్రహ్మోత్సవాలు చూడటానికి వచ్చి, గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలబుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడు వెళతావయ్యా అని ఆయన్ని ఒక్కరు అడిగి ఉంటే ఈ వ్యాసం నేను పుత్తూరు నుంచి రాసేవాణ్ణి.

ఇక నా యోగ్యత. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. 2014లో నాకూ మా ఆవిడకూ పదేళ్ళ సందర్శక వీసా వచ్చింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలి ఇంటికి 2015 వేసవి సెలవుల్లో వెళ్ళి నలభై రోజులుండి వచ్చాం. 2019లో, రిటైరయ్యాక, మా అబ్బాయి చదువు పూర్తయిన వేడుక చూడటానికి రెండోసారి వెళ్ళాం. ఆరు నెలలు ఉండమని ముద్ర వేశారు. నాలుగో నెలలోనే తిరిగొచ్చేశాం. మంచు వల్లా కాదు, కోడలితో మాట వల్లా కాదు, అప్పటికి కోడలే లేదు. మధ్యాహ్నం మూడు గంటలకు వీధిలోకి వచ్చి నిలబడితే పలకరించే మనిషి కనపడకపోవడం వల్ల.

ఈ రెండు ప్రయాణాల మధ్య మా చెల్లెలికి అక్కడి పౌరసత్వం వచ్చింది. వచ్చిన ఆనందంలో 2016 రాఖీ పండుగ నాడు నాకోసం వలస పిటిషన్, అంటే మా అన్నయ్యను ఇక్కడే స్థిరపడనివ్వండి అని అడిగే కాగితం, వేసింది. "అన్నయ్యా, నీకు కానుక" అని ఫోన్లో చెప్పింది. చీర పెట్టవలసిన వేళ చెల్లెలే కానుక ఇచ్చిందని నేను మురిసిపోయాను. ఆ కానుక ఏమిటో తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది.

క్యూల సంగతి తిరుపతివాడికి ఒకరు చెప్పనక్కరలేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక పగలూ రాత్రీ కూర్చున్నవాళ్ళం. అక్కడ వేళకు పాలు పోస్తారు, ఉప్మా పెడతారు, పసిపిల్లలున్నవాళ్ళను వేరే దారిలో పంపుతారు. చెల్లెలు నన్ను నిలబెట్టిన క్యూ వేరు. అమెరికా పౌరుల అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ, వాళ్ళ భార్యాభర్తలతో పిల్లలతో సహా, ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 65 వేల వీసాలు. మా కొండ మీద మామూలు రోజున స్వామిని చూసుకుని వెళ్ళే జనం ఇంచుమించు అంతే. అంటే మా స్వామి పొద్దున సుప్రభాతానికి లేచి రాత్రి ఏకాంతసేవలోపు ముగించే పనికి వాళ్ళకు ఏడాది కావాలి. అందులోనూ ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటరాదని అడ్డుకట్ట. 2025 చివరికి మన దేశం వరుసలో 2006లో నిలబడినవాళ్ళ వంతు నడుస్తోంది. వాళ్ళు పందొమ్మిదేళ్ళు నిలబడ్డారు. నేనూ అంతే నిలబడితే చాలనుకున్నా 2035 వస్తుంది, నాకు 76 ఏళ్ళు వస్తాయి. అప్పుడు అక్కడ దిగి ఏ బడిలో చేరి ఎక్కాలు చెప్పాలి?

కాబట్టి ఆ పిటిషన్‌ను నేనూ మరిచిపోయాను, మా ఆవిడా మరిచిపోయింది. మరిచిపోనిది దరఖాస్తు ఫారం ఒక్కటే.

అమెరికాలో మా కోడలికి నెలలు నిండుతున్నాయి, మేము వెళ్ళాలి. పాత వీసా గడువు 2024లో ముగిసింది. అప్పట్లో గడువు దాటిన నాలుగేళ్ళదాకా ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు పంపి తిరగరాయించుకునే వీలుండేది. తొందరేముందిలే అని కూర్చున్నాం. 2025లో ఆ నాలుగేళ్ళను ఏడాదికి కుదించారు. మేము పంచాంగం చూసి మంచిరోజు తేల్చేలోపు ఆ ఏడాదీ దాటింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, శూన్యమాసానిది తప్ప.

గాంధీ రోడ్డు దగ్గరి సందులో దరఖాస్తులు నింపిపెట్టే కుర్రాడి దగ్గరకు వెళ్ళాం. ఫారం పేరు డీఎస్-160. ఇరవై నిమిషాలు మీట నొక్కకుండా ఊరుకుంటే అది మనల్ని బయటికి నెట్టేస్తుంది. మా ఆవిడ సంచిలోంచి కళ్ళజోడు తీసేలోపు ఒకసారి, మా మామగారు పుట్టిన ఊరు గుర్తు తెచ్చుకునేలోపు రెండోసారి నెట్టేసింది. మూడోసారి కుర్రాడు కుదురుగా చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. "సార్, మీ తరఫున ఎవరైనా ఎప్పుడైనా వలస పిటిషన్ వేశారా?"

ఆ 'ఎప్పుడైనా' అన్న మాటలోనే ఉంది కిటుకంతా. ఇప్పుడు ఉద్దేశం ఉందా అని కాదు. వేసింది ఇంకా ఉందా, వెనక్కి తీసుకున్నారా అని కాదు. ఎప్పుడైనా. గుండు చేయించుకున్నవాణ్ణి "ఎప్పుడైనా జుట్టు ఉండేదా?" అని అడిగినట్టు.

కుర్రాడు గొంతు తగ్గించాడు. "లేదని పెట్టేద్దాం సార్. ఎవరు చూస్తారు?" ఎవరు చూస్తారంటే, ఆ పిటిషన్‌కు రసీదు ఇచ్చినవాళ్ళే చూస్తారు నాయనా. వాళ్ళ పెట్టెలో ఉన్న కాగితాన్ని వాళ్ళకే లేదని చెప్పడం దొంగతనం కూడా కాదు, వెర్రితనం. పైగా వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ దేశానికి శాశ్వతంగా దారి మూసుకుపోతుందని అదే చట్టం చెబుతోంది. నిజం చెబితే అనుమానం, అబద్ధం చెబితే నిషేధం. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు నిజం చెప్పమని బోధించినవాణ్ణి, అనుమానాన్నే ఎంచుకున్నాను. "ఉంది" అని పెట్టించి, వివరం రాయమన్న గడిలో 'చెల్లెలు ప్రేమకొద్దీ వేసింది' అని రాయమన్నాను. ప్రేమ అన్నది అక్కడ పనికిరాదన్నాడు కుర్రాడు. 2016, తోబుట్టువుల కోటా అని రాశాడు.

మిగతా ప్రశ్నలు సులువుగా గడిచాయి. సామూహిక హత్యల్లో పాల్గొన్నారా? లేదు. ఎవరినైనా చిత్రహింసలు పెట్టారా? లేదు (లెక్కల పీరియడ్ సంగతి వాళ్ళు ప్రత్యేకించి అడగలేదు). బాలలను సైనికులుగా చేర్చుకున్నారా? ఇక్కడ ఒక్క క్షణం ఆగాను, హైస్కూల్లో ఎన్‌సీసీ చూసినవాణ్ణి కదా. లేదన్నాను. ఇన్ని ఘోరాలకు గొంతు వణకకుండా సమాధానం చెప్పాను. సొంత చెల్లెలి దగ్గర వణికింది.

మా అబ్బాయిది హెచ్-1బీ వీసా. దానికి చట్టం రెండు ఉద్దేశాలు ఒప్పుకుంటుంది. పని చేసుకుని తిరిగి రావాలనీ అనుకోవచ్చు, అక్కడే ఉండిపోవాలనీ అనుకోవచ్చు, ఒకే తలలో రెండూ పెట్టుకోవచ్చు. సందర్శకుడికి ఆ భోగం లేదు. ఇంట్లో కొడుకుకు రెండు మనసులు, తండ్రికి ఒకటే, అదీ ముఖం ఇటు తిప్పి ఉండాలి.

ఆ ఒక్క మనసును కాగితాల మీద చూపించడానికి కావలసినవి 'బంధాలు' అట. స్వదేశంతో గట్టి బంధాలు ఉండాలి. సాయంత్రం మహతి ఆడిటోరియంలో ప్రవచనానికి వెళతాను. ఈ వయసులో బంధాలు ఒక్కొక్కటే తెంచుకోవాలి, ఇల్లు నీది కాదు, బిడ్డలు నీవాళ్ళు కారు అని పండితులు చెబుతారు, నేను తలూపుతాను. పొద్దున లేచి ఇంటిపన్ను రసీదు, పింఛను పుస్తకం, బ్యాంకు డిపాజిట్ల కాగితాలు, చంద్రగిరి దగ్గరున్న అరెకరం మామిడితోట పాసుపుస్తకం ఒక ఫైలులో పెట్టి బంధాలను బిగిస్తాను. వాటిని కిటికీ అవతలివాళ్ళు తెరిచి చూడకపోవచ్చని, రెండు మూడు నిమిషాల మాటల్లోనే తేలిపోతుందని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. అయినా ఫైలు బరువుగా ఉంటే చెయ్యి వణకదు.

పక్కింటాయన మాత్రం చిలుకూరు వెళ్ళి వీసా బాలాజీకి మొక్కుకోమన్నాడు. పదకొండు ప్రదక్షిణలు చేసి కోరుకోవాలి, తీరాక నూట ఎనిమిది చేయాలి. తిరుపతిలో పుట్టి, కిటికీ తెరిస్తే కొండ కనిపించే ఇంట్లో ఉంటూ, వీసా పని మీద హైదరాబాదు దాటి వెళ్ళి బాలాజీని వెతుక్కోవాలా? ఆయనకు ఈ శాఖ అప్పగించిందెవరో నాకు తెలియదు గానీ, మా స్వామిని అడగకపోవడమే మంచిదేమోనని నాకూ అనిపించింది. తిరిగి వెళ్ళిపోతాడనే నమ్మకం కలిగించడంలో ఆయన అనుభవం ఏమంత గొప్పది?

మా ఆవిడ మాత్రం ఇదంతా పట్టించుకోలేదు. "ఏమండీ, నా చీటీ సంగతి చెబితే చాలదా?" అంది. మా వీధిలో ఇరవై మంది ఆడవాళ్ళ చీటీ ఆమె చేతి మీద నడుస్తుంది. ప్రతి నెలా పదో తేదీన మా వరండాలో పాట. ఇంకా పద్నాలుగు పాటలున్నాయి. మూడు నెలలకని చెప్పి నాలుగో నెల కూడా అక్కడే ఉండిపోతే, ఆ ఇరవై మందీ వీసాలు లేకుండానే వచ్చి ఆమెను తీసుకుపోతారు. తిరిగి రావడానికి ఇంతకంటే గట్టి పూచీ ఏ దేశ పౌరుడూ చూపలేడు. ఇబ్బందల్లా ఒకటే. రిజిస్టరు కాని చీటీ నడపకూడదని 1982 నుంచి మన దేశంలోనూ ఒక చట్టం ఉంది. మా దగ్గరున్న అసలైన బంధం చూపించగూడనిది, చూపించగలిగినవి బీరువాలో పడి ఉండే కాగితాలు.

రాత్రి చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, నావల్లే కదా ఇదంతా. పిటిషన్ వెనక్కి తీసుకోమంటావా?"

"తీసుకున్నా 'ఎప్పుడైనా' పోదమ్మా" అన్నాను.

"అయితే ఉండనీనా?"

"ఉండనీ. 2035లో నేను రాకపోయినా, నా వంతు వచ్చిందని నువ్వొకసారి ఫోను చేయాలి కదా."

అటువైపు కాసేపు మాట లేదు. తరవాత, కోడలికి చలిమిడి ఎవరు తెస్తున్నారని అడిగింది.

ఇంటర్వ్యూ మంగళవారం. పాట బుధవారం, పదో తేదీ. ఫైలు సర్దుతుంటే ఇంటిపన్ను రసీదుల కింద మా ఆవిడ చీటీ నోటుపుస్తకం కనిపించింది, అట్ట మీద పసుపు బొట్టుతో. చట్టం సంగతి మళ్ళీ చెప్పి తీసి బీరువాలో పెట్టాను. పొద్దున చూస్తే అది మళ్ళీ ఫైలులోనే ఉంది, ఈసారి అన్నిటికంటే పైన.