ఒక్క పాట ఆల్బమ్ కాదు
జాజ్ ట్రంపెట్ కళాకారుడు లీ మోర్గన్ ఆల్బమ్ 'ది సైడ్‌వైండర్'లో మొదటి ట్రాక్ ఒక్కటే వినదగ్గదని, మిగతా నాలుగూ రికార్డు నింపడానికి పెట్టినవేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. మొదటి పాట గొప్పదే, కాదనను. పది నిమిషాలు దాటినా విసుగు రాదు. మామూలు బ్లూస్ పాట వరస 12 బార్లలో (తాళపు ఆవర్తనాల్లో) తిరిగితే ఇది 24 బార్లు తీసుకుంటుంది. బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్ వింటూ కాలు కదపకుండా కూర్చోవడం కష్టం. కానీ రెండో ట్రాక్ 'టోటెమ్ పోల్' శ్రద్ధగా వినండి. లాటిన్ దరువు మీద మొదలై, మధ్యలో స్వింగ్‌లోకి, అంటే జాజ్‌కి అలవాటైన ఊగే లయలోకి జారి మళ్లీ వెనక్కి వస్తుంది. అక్కడ మోర్గన్ ట్రంపెట్ స్వరాన్ని సగం నొక్కిపట్టి వదిలే తీరు, మనిషి ఏదో చెప్పబోయి ఆగినట్టుంటుంది. నేను మూడేళ్లుగా రాత్రి డ్యూటీ నుంచి ఇంటికొస్తూ బస్సులో ఈ ఆల్బమ్ వింటున్నాను. మొదట్లో నేనూ తొలి పాటే మళ్లీ మళ్లీ పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు నా చెయ్యి నేరుగా రెండోదాని మీదికే పోతుంది. ఇందులో జో హెండర్సన్ వాయించిన శాక్సఫోన్ సంగతి ఆ వ్యాసంలో ఒక్క ముక్కైనా లేకపోవడం బాధనిపించింది. మోర్గన్ మెరుపులా దూసుకుపోతే, ఆయన కాస్త గరుకు గొంతుతో, తొందర లేకుండా తన దారిన వెళ్తాడు. ఇంకో మాట, ఐదు పాటలూ మోర్గన్ సొంతంగా కట్టినవే. 1963 డిసెంబర్‌లో రికార్డు చేసేనాటికి ఆయన వయసు 25.