సవరణ: అవుటోకుంపు ఇప్పుడు రాగి కంపెనీ కాదు

ఫిన్లాండ్ గనుల మీద పోయినసారి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. ఫిన్లాండ్ కంపెనీ అవుటోకుంపు నేటికీ రాగి తీస్తోందని, కిట్టిలా బంగారు గని కూడా దానిదేనని రాశాను. రెండూ తప్పే. పాత పుస్తకం చూసి రాస్తే ఇలాగే ఉంటుంది మరి!

అవుటోకుంపు అసలు ఒక ఊరి పేరు. అక్కడ 1910లో రాగి ఖనిజం దొరికింది, 1989లో గని మూతపడింది. కంపెనీ ఇప్పుడు చేసేది స్టెయిన్‌లెస్ స్టీలు. దానికి కావాల్సిన క్రోమియం కెమి దగ్గర సొంత గని నుంచే తెచ్చుకుంటుంది. హర్యవాల్టా అనే ఊళ్లో ఉన్న దాని రాగి కొలిమి స్వీడన్ కంపెనీ బొలిడెన్ చేతికి వెళ్లింది. కిట్టిలా గని కెనడాకు చెందిన అగ్నికో ఈగిల్‌ది.

అంటే ఫిన్లాండ్ చేతిలో ఏమీ మిగల్లేదని కాదు. యుద్ధం తర్వాత కరెంటు కరువైనప్పుడు, అవుటోకుంపు హర్యవాల్టాలో 1949లో ఫ్లాష్ స్మెల్టింగ్ అనే ఖనిజం కరిగించే పద్ధతి మొదలుపెట్టింది. పిండిలా మెత్తగా, పొడిగా చేసిన ఖనిజాన్ని వేడి గాలితో కలిపి కొలిమిలోకి ఊదుతారు. ఖనిజంలోని గంధకమే భగ్గున మండి, కరగడానికి కావాల్సిన వేడిలో చాలా భాగం ఇచ్చేస్తుంది. ఈ పద్ధతి దేశదేశాలకు అమ్ముడుపోయింది. మన దేశంలో ఘాట్‌శిలా రాగి కర్మాగారంలోనూ ఇదే వాడారు. అవుటోకుంపులోని ఆ టెక్నాలజీ విభాగమే 2006లో విడిపోయి తర్వాత అవుటోటెక్ అయింది, 2020లో మెట్సో అనే మరో ఫిన్లాండ్ కంపెనీ ఖనిజ విభాగంతో కలిసింది.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చేశాను.