అనంతానికి దండం పెట్టి తప్పుకోవద్దు

అనంతం గురించి ఎవరు మొదలుపెట్టినా రెండో వాక్యంలోనే చేతులెత్తేయడం అలవాటైపోయింది. మనిషి బుద్ధికి హద్దులున్నాయి, అనంతానికి హద్దుల్లేవు, కాబట్టి అది మనకు అందదు అంటారు. వినడానికి వినయంగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెబుతాను. అనంతం మనిషి బుద్ధికి అందింది. ఎవరికి, ఎప్పుడు, ఎలా అందిందో సంవత్సరాలతో సహా చెప్పుకోవచ్చు. అందినదాన్ని అందలేదని చెప్పుకుంటూ తిరగడం వినయం కిందికి రాదు. చదవాల్సింది చదవకుండా వదిలేయడం కిందికే వస్తుంది.

పాత కథ తెలిసిందే. ముందు బయల్దేరిన తాబేలును పరుగువీరుడు అకిలీజ్ ఎప్పటికీ అందుకోలేడని, అతను అది ఉన్నచోటికి చేరేలోపు అది ప్రతిసారీ ఇంకొంచెం ముందుకు పోతుందని గ్రీకు తత్వవేత్త జీనో వాదించాడు. లెక్కపెడుతూ ఎంతదూరమైనా పోవచ్చు కానీ పూర్తయిపోయిన అనంతం అంటూ ఒకటి ఉండదని అరిస్టాటిల్ తేల్చాడు. ఆ తీర్పు రెండు వేల ఏళ్లు చెల్లింది. 1638లో గెలీలియో ఒక వింత గమనించాడు. 1, 2, 3, 4 పక్కన వాటి వర్గాలు 1, 4, 9, 16 పెట్టుకుంటూ పోతే ప్రతి సంఖ్యకూ జోడీ దొరుకుతుంది. వర్గాలేమో మొత్తం సంఖ్యల్లో ఒక భాగం మాత్రమే. భాగమూ మొత్తమూ సమానం ఎలా అవుతాయి? ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలు అనంతం దగ్గర చెల్లవని చెప్పి ఆయన అక్కడితో ఆగిపోయాడు. తర్వాత రెండు శతాబ్దాలకు పైగా చాలామంది అక్కడే ఆగారు. భాగంతో సరిజోడు కావడమే అనంతానికి గుర్తు అని, ఆ వింతనే నిర్వచనంగా మార్చే ధైర్యం 1888లో జర్మన్ గణితవేత్త డెడెకిండ్‌కు వచ్చింది. ఆయన స్నేహితుడు, గణితవేత్త గేయార్గ్ కాంటర్ అప్పటికే ఇంకా ముందుకు పోయాడు.

కాంటర్ వాదాన్ని దూరం నుంచి పొగడడం కాదు, దగ్గరికెళ్లి చూడాలి. 1891లో ఆయన తీసుకున్నవి రెండే అక్షరాలు. మనం మ, వ అనుకుందాం. వాటితో చివర లేని వరుసలు రాయొచ్చు: మమమమ అని, మవమవ అని, వవమవ అని, ఎలాగైనా. ఇప్పుడు ఒకరు వచ్చి, ఇలాంటి వరుసలన్నిటికీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి జాబితా రాసేశాను, ఒక్కటి కూడా వదల్లేదు అన్నారనుకోండి. ఆ జాబితాలో మొదటి వరుసలోని మొదటి అక్షరం చూడండి. అది మ అయితే మీ కాగితం మీద వ రాసుకోండి, వ అయితే మ రాసుకోండి. రెండో వరుసలో రెండో అక్షరాన్ని అలాగే తిప్పి రాయండి. మూడో వరుసలో మూడోది. ఇలా పోతుంటే మీ కాగితం మీద ఒక కొత్త వరుస తయారవుతుంది. అది జాబితాలో ఎక్కడుంది? మొదటి వరుస కాదు, మొదటి అక్షరంలోనే తేడా ఉంది. రెండోది కాదు, రెండో అక్షరం వేరు. వెయ్యో వరుస కూడా కాదు, వెయ్యో అక్షరం దగ్గర విడిపోతుంది. అంటే ఎక్కడా లేదు. సరే, దాన్ని కూడా చేర్చుకుంటాను అంటే చేర్చుకోనివ్వండి. కొత్త జాబితాకు మళ్లీ ఇదే పని చేస్తే మళ్లీ ఒకటి బయటే ఉంటుంది.

రుజువు ఇంతే. 1, 2, 3 అని లెక్కపెట్టగల అనంతం ఒకటుంది, దానికి లొంగని పెద్ద అనంతం ఇంకొకటుంది. ఇదే పద్ధతిలో దానికన్నా పెద్దది, ఆపైన మరీ పెద్దది వస్తూనే ఉంటాయి. గెలీలియో చెల్లవన్న మాటలు చెల్లాయి. హైస్కూలు దాటని లెక్కలతో, పది వాక్యాల్లో పట్టే వాదంతో మనిషి అనంతాలను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి కొలిచాడు. బుద్ధికి అందదు అనే మాటకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

సాహిత్యం సంగతికి వస్తే, అనంతం అనగానే చాలామంది అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1941లో రాసిన బేబెల్ గ్రంథాలయం కథను తలుచుకుంటారు. రాయడానికి వీలైన ప్రతి పుస్తకమూ ఉండే గ్రంథాలయం అది. పుస్తకానికి 410 పేజీలు, పేజీకి 40 వరుసలు, వరుసకు సుమారు 80 అక్షరాలు, వాడే గుర్తులు 25. చదువుతుంటే తల తిరుగుతుంది. కానీ లెక్క వేస్తే అందులోని వేర్వేరు పుస్తకాల సంఖ్యకు ముగింపు ఉంది. ఆ సంఖ్య రాయాలంటే 18 లక్షల పైచిలుకు అంకెలు కావాలి. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువుల అంచనా సంఖ్యకు 80 పైచిలుకు అంకెలు సరిపోతాయి. ఇంత తేడా ఉన్నా రెండూ పరిమితమే. పుస్తకానికి చివరి పేజీ ఉన్నంతవరకు 25 గుర్తులతో అనంతం రాదు. వరుసకు చివర లేకపోతే మ, వ రెండే చాలు. ఈ తేడా తెలిశాక ఆ కథ మళ్లీ చదవండి. అక్కడ పుస్తకాలు వెతుకుతూ జీవితాలు పోగొట్టుకుంటున్నవాళ్లను ఓడించింది ఒక మామూలు సంఖ్య అని అర్థమై కథ ఇంకా లోతుగా తగులుతుంది.

మన పోతన దగ్గర ఇంతకన్నా గొప్ప పాఠం ఉంది. వామనుడు పెరిగే ఘట్టంలో "ఇంతింతై వటుడింతయై" అందరికీ నోటికి వచ్చు. దాని తర్వాతి పద్యం, "రవిబింబం బుపమింప" అని మొదలయ్యేది, నా దృష్టిలో ప్రపంచ సాహిత్యంలోనే అనంతం వైపు వేసిన అత్యంత కచ్చితమైన అడుగు. అందులో వామనుడు పెద్దవాడయ్యాడని పోతన ఎక్కడా చెప్పడు. ఊహకందనంత, మాటలకందనంత అనే మాటలే వాడడు. సూర్యబింబాన్ని ఒకచోట నిలబెట్టి, దాన్ని మాత్రమే చూపిస్తాడు. ముందు సూర్యుడు ఆ పిల్లాడి నెత్తిమీద గొడుగు. తర్వాత తలలో రత్నం. ఆపైన చెవికి ఆభరణం, మెడలో నగ, భుజానికి కేయూరం, చేతికి కంకణం, నడుముకు గంట, కాలికి అందె. చివరికి పాదపీఠం. సూర్యుడు కదల్లేదు, పరిమాణం మారలేదు. తొమ్మిది చోట్ల ఆగి కొలిచేసరికి బ్రహ్మాండం నిండిపోయింది. కదలని కొలబద్ద ఒకటి పెట్టుకోవడం, దాని పక్కన పెరుగుతున్నదాన్ని నిలబెట్టడం. కవికీ గణితవేత్తకూ దారి ఒకటే. పొగమంచులో అనంతాన్ని చూపిస్తామనే కవిత్వం ఈ పద్యం ముందు నిలవదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పూర్ణంలోంచి పూర్ణం తీసేస్తే పూర్ణమే మిగులుతుందనే ఉపనిషత్తు మంత్రాన్ని పట్టుకుని, కాంటర్ కనిపెట్టింది మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారని వాదించేవాళ్లు పెరుగుతున్నారు. పరీక్షించి చూద్దాం. అన్ని సంఖ్యల్లోంచి సరి సంఖ్యలు తీసేస్తే బేసి సంఖ్యలు అంతులేకుండా మిగులుతాయి, మంత్రం సరిపోయింది. అదే 5 కన్నా పెద్ద సంఖ్యలన్నీ తీసేయండి. తీసింది అనంతమే, మిగిలినవి మాత్రం ఐదు. అన్నీ తీసేస్తే ఏమీ మిగలదు. ఆ మంత్రం బ్రహ్మం గురించి చెప్పింది. దాన్ని తీసివేత లెక్కగా మార్చితే మంత్రానికీ మర్యాద కాదు, లెక్కకూ మేలు కాదు. గర్వపడాలంటే అసలైనవే ఉన్నాయి. అనంతాల్లో రకాలున్నాయని జైన గ్రంథాలు వర్గీకరించాయి. 1150లో భాస్కరాచార్యుడు తన బీజగణితం అనే గ్రంథంలో, సున్నాతో భాగిస్తే వచ్చే రాశికి ఎంత కలిపినా, ఎంత తీసినా మార్పు ఉండదని చెప్పి, ప్రళయంలోనూ సృష్టిలోనూ మార్పు లేని అచ్యుతుడితో పోల్చాడు. కేరళలో సంగమగ్రామ మాధవుడి సంప్రదాయం వృత్తం చుట్టుకొలతకు అంతులేని శ్రేణి ఇచ్చింది.

అవతలి పక్షం వాదనకూ బలముంది. పూర్తయిన అనంతాన్ని గణితంలోకి రానివ్వకూడదని 1831లో గణితవేత్త గౌస్ ఒక ఉత్తరంలో రాశాడు. మరో గణితవేత్త క్రోనెకర్ కాంటర్ పనిని చివరిదాకా వ్యతిరేకించాడు. కాంటర్ సృష్టించిన స్వర్గం నుంచి మనల్ని ఎవరూ వెళ్లగొట్టలేరన్న గణితవేత్త హిల్బర్ట్ కూడా, 1925లో అదే ప్రసంగంలో, ప్రకృతిలో ఎక్కడా అనంతం కనబడదని ఒప్పుకున్నాడు. ఇవి కొట్టిపారేసే అభ్యంతరాలు కావు. కానీ వీళ్లెవరూ అది మనకు అర్థం కాదని అనలేదు. అలాంటిది లేదన్నారు, ఎందుకు లేదో వాదించారు. బుద్ధుడి మౌనం కూడా ఇలాంటిదే. లోకానికి అంతుందా లేదా అని అడిగితే ఆయన జవాబివ్వలేదు. దుఃఖం పోగొట్టడానికి ఆ జవాబు పనికిరాదని కారణం చెప్పి మరీ ఊరుకున్నాడు.

తెలియదు అనడంలోనూ రెండు రకాలున్నాయి. లెక్కపెట్టగల అనంతానికీ, గీత మీది బిందువుల అనంతానికీ (మన మ, వ వరుసల అనంతమూ ఇంతే) మధ్యలో ఇంకొకటి ఉందా అని కాంటర్ అడిగాడు. అలాంటిది లేదన్నదాన్ని మనం వాడే స్వీకృతాలతో, అంటే రుజువు లేకుండా ఒప్పుకునే మూల సూత్రాలతో, తప్పని తేల్చలేమని గోడెల్ 1940 నాటికి, నిజమనీ తేల్చలేమని కోహెన్ 1963లో చూపించారు. ఇది చేతులెత్తేయడం కాదు. తెలియదన్న మాటను కూడా రుజువు చేసి చెప్పారు. అనంతం గురించి ఆలోచించి కాంటర్‌కు మతి పోయిందనే కథ కూడా ఇక ఆపాలి. ఆయనకు మొదటి పెద్ద మానసిక అనారోగ్యం వచ్చింది 1884లో. పైన చెప్పిన రుజువు రాసింది ఏడేళ్ల తర్వాత. జబ్బు జబ్బే. దాన్ని అనంతం విధించిన శిక్షగా చెప్పడం ఆ మనిషికి చేసే అన్యాయం.

నన్ను అసలు బాధపెట్టేది వేరే ఉంది. ఇన్ని పద్యాలకు ప్రతిపదార్థాలు రాసుకున్న తెలుగులో, ఒక్క రుజువును కూడా సాహిత్యంలా కూర్చుని చదవం. బడిలో సూత్రం బట్టీ పట్టిస్తారు, రుజువు వదిలేస్తారు. పత్రికలు గణితవేత్తల జీవితంలోని విషాదాన్ని రాస్తాయి, వాళ్లు రుజువు చేసిందాన్ని రాయవు. చదివేవాళ్లకు టెన్షన్ ఎందుకని అంటారు. ఈ వేరు కాపురం మొదటినుంచీ ఉన్నది కాదు. నన్నయ కాలానికి దగ్గరలోనే పావులూరి మల్లన జైన గణితవేత్త మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మాధవుడి శ్రేణులు ఎందుకు నిజమో వివరిస్తూ జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతంలో యుక్తిభాషను సంస్కృతంలో కాకుండా మలయాళంలో రాశాడు. అంతులేని శ్రేణికి ఉపపత్తి, అంటే రుజువు, అప్పుడే ఒక జనం భాషలోకి వచ్చిందన్నమాట.

కష్టమనే సాకు చెల్లదు. ప్రధాన సంఖ్యలకు అంతులేదని రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట యూక్లిడ్ చూపించిన వాదం తెలుగులో ఇలా ఉంటుంది. మీ దగ్గర ఎన్ని ప్రధాన సంఖ్యలుంటే అన్నీ తెచ్చి ఒకదానితో ఒకటి గుణించండి. వచ్చినదానికి 1 కలపండి. ఈ కొత్త సంఖ్యను మీ దగ్గరున్న ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా శేషం 1 వస్తుంది. కానీ 1 కన్నా పెద్దదైన ప్రతి సంఖ్యనూ ఏదో ఒక ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగించాలి. కాబట్టి దీన్ని భాగించే ఆ ప్రధాన సంఖ్య మీరు తెచ్చినవాటిలో లేదు.